ఆఫీసు చలి, నేను, ఒక చిన్న థర్మామీటర్

"ఏంటండీ, జ్వరమా?" అని అడిగారు ఒకాయన, కొత్తగా మా టీమ్‌లో చేరారు, పాపం ఆయనకి తెలీదు కదా. జ్వరం లేదు గిరం లేదు, నేను ఆఫీసులో రోజూ ఇలాగే ఉంటా, డ్రెస్ మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా, శాలువాలోంచి రెండు చేతులు మాత్రం బయటికొచ్చి కీబోర్డ్ మీద, బయట ఎండ పేలిపోతున్నా సరే నా అవతారం ఇదే. అంటే ఇదే ఉండేది అనాలి ఇప్పుడు, మధ్యలో కొన్ని మారాయి, అవి రాద్దామనే కూర్చున్నా.

మొదటి రెండేళ్ళు నేను అనుకుంది ఒకటే, లోపం నాలోనే ఉందని. పక్క సీట్లో అతను పొట్టి చేతుల చొక్కాతో హాయిగా కూర్చుని "ఇంకొంచెం తగ్గిస్తే బావుండు" అంటాడు, నాకేమో మధ్యాహ్నం మూడయ్యేసరికి వేళ్ళు కొంకర్లు పోయి మౌస్ పట్టుకోవాలంటే కూడా బద్ధకం. ఒకే గది, ఒకే ఏసీ, ఒకే నంబరు. మరి నాకే ఎందుకు? ఇంట్లో చెప్తే "నీకు రక్తం తక్కువ" అని తేల్చేశారు, ఆఫీసులో చెప్తే "స్వెట్టర్ తెచ్చుకోండి" అని తేల్చేశారు, నేనూ ఆ రెండూ నమ్మేసి మెదలకుండా ఉండిపోయా.

చలి అంటే వణకడం ఒక్కటే అనుకుంటాం గానీ ఆఫీసు చలి వణికించదు, అదే దాంతో వచ్చిన చిక్కు. వణికేంత ఉంటే అందరూ గొడవ చేస్తారు, ఎవడో ఒకడు కట్టేస్తాడు. ఇది అంతకి కొంచెం పైన ఆగుతుంది, రోజంతా ఎనిమిది గంటలు నెమ్మదిగా పీల్చేస్తూ ఉంటుంది. ఒంటికి ముఖ్యం గుండె, మెదడు, లోపలి అవయవాలు, వాటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి, అందుకని ముందు చేతులూ కాళ్ళకి వెళ్ళే సన్నటి రక్తనాళాలని బిగించేస్తుంది, చివర్లకి రక్తం తగ్గించి లోపలికి దాచుకుంటుంది. అంటే మన అరచేతులు మంచుముక్కలైనాయంటే ఒళ్ళు పాడైనట్టు కాదు, అది దాని పని అది కరెక్టుగా చేస్తోంది, కాకపోతే మన జీతం ఆ వేళ్ళ మీద ఆధారపడి ఉందని దానికి తెలీదు అంతే. వేలి చర్మం 15 డిగ్రీల చుట్టుపక్కలకి పడిపోయిందంటే చిన్న చిన్న పనుల్లో చురుకు బాగా తగ్గిపోతుంది, అంతకన్నా ముందే బిగుసుకున్న ఫీలింగ్ మొదలవుతుంది. మెడా భుజాలూ నొప్పి కూడా ఇందులోంచే, చలికి తెలీకుండానే భుజాలు చెవుల దాకా లేపి ముడుచుకుని కూర్చుంటాం కదా, సాయంత్రానికి పట్టేస్తాయి, మనం కుర్చీని తిట్టుకుంటాం.

ఇంకో తమాషా, చలిగా ఉన్నప్పుడు మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుంది. నేను టీ ఎక్కువ తాగుతున్నా అందుకే అనుకునేదాన్ని. అదీ కొంత నిజమే గానీ, చివర్ల నుంచి రక్తం లోపలికి వచ్చేసరికి అక్కడ ప్రెషర్ పెరిగినట్టు అనిపించి కిడ్నీలు నీళ్ళు బయటికి పంపడం మొదలెడతాయి. పైగా చల్లగా ఉంటే దాహం వేయదు, ఏసీ గాలి పొడిగా ఉంటుంది, కళ్ళు మండుతుంటాయి, పెదాలు పగులుతుంటాయి, అంటే ఒకపక్క నీళ్ళు పోతున్నాయి ఇంకోపక్క తాగడం లేదు. సాయంత్రం తలనొప్పి అందుకేనేమో అని ఒకరోజు లెక్కపెట్టుకుంటే పొద్దున్నుంచీ తాగింది ఒక గ్లాసు నీళ్ళు. ఇప్పుడు ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టుకుంటా, తాగడానికీ పనికొస్తుంది, కప్పు రెండు చేతులతో పట్టుకుంటే వేళ్ళకీ పనికొస్తుంది, నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

సరే, అసలు ఈ చలి ఎవరు డిసైడ్ చేశారు అని ఒకరోజు చిరాకొచ్చి చదవడం మొదలెట్టా. ఏసీ పుట్టిందే మనుషుల కోసం కాదంట. 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ వాళ్ళకి గాల్లో తేమ వల్ల కాగితం ఉబ్బడం, మళ్ళీ కుంచించుకుపోవడం, దాంతో ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడకపోవడం, ఈ తలనొప్పి తీర్చడానికి విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు గాలిని చల్లబరిచి తేమ తీసే మెషీన్ తయారుచేశాడు. అంటే మొదటి ఏసీ కాగితం సుఖం కోసం! ఇది చదివాక చాలాసేపు నవ్వుకున్నా. కానీ ఇందులో ఒక పాయింటుంది, పెద్ద బిల్డింగుల్లో ఈ రోజుకీ గాలిలో తేమ తీయాలంటే దాన్ని బాగా చల్లబరచాలి, అందుకే చాలా చోట్ల మెషీన్ నుంచి వచ్చే గాలి 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. గదిలో గాలితో కలిసాక 23, 24 అవుతుంది. కలవకముందే నీ నెత్తిమీద పడితే? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

ఆ 23, 24 అనే లెక్క ఎక్కడిదంటే, 1970 ప్రాంతంలో డెన్మార్క్ ప్రొఫెసర్ ఫాంగర్ అని ఒకాయన మనిషికి హాయిగా ఉండటం అనేదాన్ని లెక్కలోకి తెచ్చాడు. ఆరు సంగతులు చూడాలన్నాడు, గాలి ఎంత చల్లగా ఉంది, చుట్టూ గోడలూ అద్దాలూ ఎంత చల్లగా ఉన్నాయి, గాలి ఎంత వేగంగా తగులుతోంది, తేమ ఎంత, ఒంటి మీద బట్టలేంటి, మనిషి చేస్తున్న పనేంటి. చూశారా, మనం గోడ మీద చూసి కొట్టుకునే నంబరు ఆ ఆరింటిలో ఒక్కటే. ఇంకా నాకు బాగా నచ్చిన మాట, అన్నీ పర్ఫెక్టుగా కుదిర్చినా సరే ఆయన లెక్క ప్రకారం 100 మందిలో 5 మందికి నచ్చదు. ఆ అయిదుగురిలో నేనున్నా అని ఫిక్సయిపోయా కొన్నాళ్ళు.

కానీ దాని వెనకాల ఇంకో కథ ఉంది. కూర్చుని పనిచేసే మనిషి ఒంట్లో ఎంత వేడి పుడుతుంది అనే అంకె అప్పట్లో తీసుకుంది 40 ఏళ్ళ వయసు, 70 కిలోల బరువున్న మగాడిని బట్టి. 2015లో నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ వాళ్ళు, కింగ్మా ఇంకా వాన్ మార్కెన్ లిక్టెన్‌బెల్ట్ అని ఇద్దరు, ఈ అంకె ఆడవాళ్ళ విషయంలో 35 శాతం దాకా ఎక్కువ చూపిస్తోందని రాశారు. అంటే నేను పుట్టించని వేడిని నా లెక్కలో రాసేసి ఆ మేరకి గది చల్లబరుస్తున్నారన్నమాట. ఇది చదివి మా ఇంట్లో అందరికీ చూపించా, "రక్తం తక్కువ కాదు, లెక్క తప్పు" అని. ఆడా మగా అనే గొడవ కాదు లెండి ఇది, సన్నగా ఉన్న మగవాళ్ళకీ, వయసు మీదపడిన వాళ్ళకీ ఇదే బాధ, మా ఫ్లోర్‌లోనే ఇద్దరు ముగ్గురున్నారు, పాపం వాళ్ళు శాలువా కప్పుకుంటే నవ్వుతారని కప్పుకోరు కూడా.

పని మీద ఎఫెక్ట్ ఉంటుందా అంటే, 2004లో కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలాన్ హెడ్జ్ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో చూశారు, 20 డిగ్రీలు ఉన్నప్పుడు టైప్ చేసేవాళ్ళ తప్పులు 25 శాతం, 25 డిగ్రీలు చేస్తే 10 శాతం. ఒక్క ఆఫీసులో చేసిన చిన్న స్టడీనే, దాన్ని పట్టుకుని ప్రపంచమంతా ఇంతే అనలేం, కానీ నా వేళ్ళకి మాత్రం డౌట్ లేదు.

ఇక నేను చేసిన వెధవ పనులు చెప్తా. మొదటిది హీటర్. డెస్కు కింద పెట్టుకునే చిన్న ఫ్యాన్ హీటర్ తెచ్చా, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ అలాంటివి 1500 వాట్ల దాకా లాగుతాయి, ఒక మనిషి కూర్చుని ఉంటే ఒంట్లోంచి వచ్చే వేడి దాదాపు 100 వాట్లు, అంటే నా కాళ్ళ దగ్గర పదిహేను మందిని ముడిచి కూర్చోబెట్టినట్టు. రెండ్రోజులు స్వర్గం. మూడోరోజు మా వరుసలో కరెంటు ట్రిప్ అయ్యింది, పక్కనాయన సేవ్ చేయని ఫైల్ పోయింది, ఇప్పటికీ గుర్తుచేస్తాడు. అయినా బుద్ధి రాలేదు, సెట్టింగ్ తగ్గించి వాడా. అప్పుడు ఇంకో వింత, నేను హీటర్ పెట్టిన దగ్గర్నుంచీ గది ఇంకా చల్లబడుతోంది. ఎందుకంటే మా జోన్ సెన్సార్ నా సీటు వెనక స్తంభం మీదే ఉంది, నేను దాని కిందే వేడి పెడుతున్నా, అది పాపం గదంతా వేడెక్కిందనుకుని ఏసీని ఇంకా తోస్తోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మొత్తం వరుస వణికింది నా వల్ల, వాళ్ళకి కారణం ఇప్పటిదాకా నేను చెప్పలేదు, ఈ పోస్టు చదివితే తెలుస్తుంది. పైగా డెస్కు కింద కాగితాలు, వైర్లు, వేలాడే శాలువా, దాని పక్కన ఎర్రగా కాలే తీగ, తల్చుకుంటేనే ఇప్పుడు భయమేస్తుంది. దయచేసి అది మాత్రం చేయకండి. కాళ్ళ కింద పెట్టుకునే వెచ్చటి మ్యాట్‌లు ఉంటాయి, 100 వాట్ల లోపే లాగుతాయి, ఆఫీసు ఒప్పుకుంటే అవి నయం, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం అవి కూడా వాడకపోవడమే మంచిది, కాలినా తెలీదు.

రెండో వెధవ పని, ఎన్ని తొడుక్కుంటే అంత మంచిదని అన్నీ పైనే తొడగడం. ఒంటికి రెండు స్వెట్టర్లు, కాళ్ళకి మాత్రం పల్చటి చెప్పులు. చల్లగాలి కిందికి దిగుతుంది, నేల దగ్గరే ఎక్కువ చలి, నేనేమో అక్కడ వదిలేసి భుజాల మీద కుప్పపోస్తున్నా. ఒకరోజు మందపాటి సాక్సు వేసుకుని మూసుకునే షూ వేస్తే ఒక స్వెట్టర్ తీసేయాల్సొచ్చింది, నిజంగా. షూ బిగుతుగా ఉంటే మళ్ళీ వేస్ట్, రెండు జతల సాక్సు కుక్కి కుక్కి వేసుకుంటే రక్తం ఆడదు, లోపల గాలి ఉండదు, వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదు బట్టలో చిక్కుకున్న గాలి. అందుకే ఒక లావుపాటి దానికన్నా రెండు పల్చటివి మేలు, తీసుకోవడానికీ వేసుకోవడానికీ కూడా వీలు. చేతులకి వేళ్ళు కోసేసిన ఉన్ని గ్లౌజులు, మణికట్టు మీద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ కప్పితే తేడా తెలుస్తుంది, మెడకి స్కార్ఫ్. తలలోంచే ఒంట్లో వేడంతా పోతుందని ఎవరో చెప్తే టోపీ కూడా పెట్టుకున్నా కొన్నాళ్ళు, అది నిజం కాదంట, తల ఒంటి మొత్తంలో పదో వంతు, దాంట్లోంచి పోయేదీ ఇంచుమించు అంతే. టోపీ ఇంటికి తీసుకెళ్ళిపోయా, ఫొటోలు మాత్రం మిగిలాయి గ్రూపులో.

చెమట సంగతి ఎవరూ చెప్పరు. ఎండలో నడిచొచ్చి, మెట్లెక్కి, వీపు తడిసి ముద్దయి, సీట్లో కూర్చోగానే అబ్బా ఎంత హాయి అనిపిస్తుంది, పది నిముషాలు. తర్వాత ఆ తడే మన వేడి లాగేస్తుంది, కాటన్ అయితే ఇంకా, అది తడిని వదలదు. నా పొద్దుటి చలిలో సగం దీని వల్లే అని ఆలస్యంగా తెలిసింది. లోపల వేసుకునేది ఒకటి ఎక్స్‌ట్రా పెట్టుకుని రాగానే మార్చుకుంటున్నా, లేదా నడక కాస్త నెమ్మదిగా.

ఈ చెమట విషయం నాకు చెప్పింది మా తమ్ముడు. వాడు కోల్డ్ స్టోరేజ్‌లో పనిచేస్తాడు, మైనస్ 18 ఉండే గదుల్లో. నేను ఫోన్లో నా బాధ వెళ్ళబోసుకుంటుంటే "అక్కా, 22 డిగ్రీలకి ఏడుస్తున్నావా" అని నవ్వాడు, తర్వాత కాసేపు ఆగి, "అయినా మాకే నయంలే, మాకు చలి అని అందరికీ తెలుసు" అన్నాడు. ఆ మాట పట్టుకుంది నన్ను. వాళ్ళకి లోపలికెళ్ళేముందు జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లౌజులు ఇస్తారు, ఇంతసేపు లోపల ఉంటే ఇంతసేపు బయట వెచ్చటి గదిలో కూర్చోవాలని లెక్క ఉంటుంది, ఒక్కడే లోపల ఉండకూడదు, ఇద్దరుండాలి. ఎందుకిద్దరు అంటే, చలి బాగా ఎక్కితే మనిషికి తన సంగతి తనకి తెలీదు, మాట ముద్దగా వస్తుంది, చేతిలోవి జారిపోతుంటాయి, అడుగు తడబడుతుంది, "నాకేం కాలేదు" అంటాడు, పక్కవాడే చూసి బయటికి లాక్కురావాలి. వణుకుతున్నంతసేపూ ఒళ్ళు ఇంకా పోరాడుతోందని అర్థం, చలిలోనే ఉండి ఉన్నట్టుండి వణుకు ఆగిపోయి మత్తుగా అయిపోతే అది తగ్గినట్టు కాదు, ప్రమాదం. లోపలి వేడి 35 కిందికి వెళ్ళిందంటే ఇక ఆస్పత్రి కేసే.

ఇంకా చాలా చెప్పాడు వాడు, గ్లౌజు తీసి ఇనుప రాడ్డు ముట్టుకోకూడదు, పని ఉన్నంతసేపు చెమట పట్టేంత జోరుగా చేసి ఆ తడితో నిలబడిపోకూడదు, అందుకే వాళ్ళు పెట్టెలు మోసేటప్పుడు జిప్పు కొంచెం దించుతారంట, నిలబడితే ఎత్తుతారంట. వేళ్ళు తెల్లబడి మొద్దుబారిపోతే రుద్దకూడదు, అది మనందరం ముందు చేసేదే, గడ్డకట్టిన చర్మాన్ని రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుంది. నేరుగా మంట దగ్గరో హీటర్ దగ్గరో కూడా పెట్టకూడదు, స్పర్శ ఉండదు కాబట్టి కాలిపోయినా తెలీదు. వెచ్చటి చోటికి తీసుకెళ్ళి, తడి బట్టలుంటే తీసేసి, పొడిగా కప్పి, డాక్టర్‌కి చూపించడమే. ఆఫీసు వాళ్ళకి ఇదంతా అక్కర్లేదు అనుకోండి, కానీ చల్లటి గోడౌన్లలో, రాత్రిపూట గేట్ల దగ్గర, పొద్దున్నే రోడ్ల మీద పనిచేసేవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో చాలామందికి కోల్డ్ స్టోరేజ్ వాళ్ళకున్న జాకెట్ కూడా ఉండదు.

సరే, థర్మామీటర్ దగ్గరికొస్తా. అదీ తమ్ముడి సలహానే, "కొలిచావా అసలు?" అన్నాడు. వాళ్ళకి ప్రతి గది బయటా అంకె ఉంటుంది కదా, వాడికది మామూలు ప్రశ్న, నాకు మాత్రం రెండేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. చిన్న డిజిటల్‌ది కొని డెస్కు మీద పెట్టా. సెన్సార్ ఉన్న స్తంభం దగ్గర 24. రెండడుగులు ఇటు నా కుర్చీ దగ్గర, తల ఎత్తులో, 20.5. పక్కతని సీట్లో 23.5. నేను మూడుసార్లు కొలిచా నమ్మకం లేక. అంటే మేం ఇన్నాళ్ళూ "ఒకే గది ఒకే నంబరు" అని కొట్టుకున్నాం, నేను కూర్చుంటున్నది వేరే ఊళ్ళో! పైకి చూస్తే నా నెత్తి మీదే సీలింగ్ వెంటు, దాని రెక్కలు ఒకవైపు తిరిగి ఉన్నాయి, గాలి పక్కలకి పరుచుకోకుండా తిన్నగా నా మెడ మీదకి. ఒక టిష్యూ పేపరు సన్నగా చీల్చి చేత్తో పట్టుకుంటే నా కుర్చీ దగ్గర రెపరెపా కొట్టుకుంటోంది, అడుగు పక్కకి జరిగితే కదలట్లేదు. పైన అడిగిన ప్రశ్న గుర్తుందా, కలవకముందే నెత్తిమీద పడితే? అదిగో, అదే నేను.

వారం రోజులు రాసుకున్నా, పొద్దున 10కి, మధ్యాహ్నం 3కి. ఇంకో సంగతి బయటపడింది, జనం తక్కువున్న రోజు చలి ఎక్కువ. ఆలోచిస్తే సింపులే, మనిషికి 100 వాట్లు, కంప్యూటర్ వేడి ఇంకొంత, నిండుగా ఉంటే మనమే హీటర్లం, సగం మంది ఇంటి నుంచి పనిచేస్తుంటే ఆ వేడి లేదు, కానీ చాలా చోట్ల సిస్టమ్ తాజా గాలి కోసమని ఒక మోతాదు గాలి ఎలాగూ వదులుతూనే ఉంటుంది.

అప్పటిదాకా నేను పెట్టిన కంప్లయింట్లన్నీ "చలిగా ఉంది, ఏసీ తగ్గించండి" అనే. దానికి రిప్లై కూడా రెడీగా ఉండేది, "సెట్టింగ్ 24లోనే ఉంది మేడమ్", టికెట్ క్లోజ్. వాళ్ళ తప్పు లేదు, ఒకరు తగ్గించమని ఇంకొకరు పెంచమని రోజుకి పది వస్తాయి, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. ఈసారి ఏసీ ఊసే ఎత్తలేదు. "సీటు నంబర్ ఫలానా, తల ఎత్తులో 20.5, సెన్సార్ దగ్గర 24, వారం రోజుల రీడింగులు ఇవి, పైన వెంటు గాలి నేరుగా సీటు మీద పడుతోంది, రెక్కలు తిప్పగలరా" అని రాశా. మర్నాడు పొద్దున్నే ఒకతను నిచ్చెన వేసుకుని వచ్చాడు, నాలుగు నిముషాలు పట్టింది. రెక్కలు తిప్పాడు, ఒక ప్లాస్టిక్ పలక అడ్డం బిగించాడు, "ముందే చెప్పొచ్చు కదా మేడమ్" అన్నాడు. రెండేళ్ళుగా చెప్తూనే ఉన్నా బాబూ అందామనుకుని ఆగిపోయా, నిజానికి నేను ఇది చెప్పలేదు, వేరేది చెప్పా.

22.5 వచ్చింది. చూడ్డానికి రెండు డిగ్రీలే, కానీ మెడ మీద గాలి లేదు, అది పది డిగ్రీలంత.

రెక్కలు తిప్పితే సరిపోని వాళ్ళుంటారు, కిటికీ పక్కన చల్లటి అద్దానికి ఆనుకుని కూర్చునేవాళ్ళకి గాలి 23 ఉన్నా సరే ఆ వైపు భుజం లాగేస్తుంటుంది, అద్దం వేడిని తీసుకుంటూ ఉంటుంది మరి, అక్కడ అద్దానికి అడ్డంగా ఒక బోర్డో కర్టెనో పెట్టడం, లేదా సీటు మారడమే దారి. కుర్చీ మెష్‌ది అయితే వెనక నుంచి గాలి దూరుతుంది, శాలువా కప్పుకునే బదులు కుర్చీకి వేసి చూడండి ఒకసారి. ఇంకా, గంటకోసారి లేవండి. కదలకుండా కూర్చుంటే పుట్టే వేడికి, నడిస్తే పుట్టేది రెట్టింపు. నేను ఫోన్ కాల్స్ అన్నీ నడుస్తూ మాట్లాడుతున్నా, ప్రింటర్ దూరంగా ఉన్నదాన్ని సెలెక్ట్ చేసుకుంటున్నా, అది తిక్కగా అనిపించొచ్చు గానీ పనిచేస్తుంది.

ఒక్కటి మాత్రం, అన్నీ చేసినా చలి పోకపోతే, లేదా పోయిన ఏడాది లేని చలి ఈ ఏడాది కొత్తగా మొదలైతే, బ్లడ్ టెస్ట్ చేయించుకోండి. ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ నెమ్మదించినా ముందు కనిపించేవాటిల్లో చలి తట్టుకోలేకపోవడం ఒకటి. మా ఆఫీసులోనే ఒకామె నాతోపాటు శాలువా బ్యాచ్, ఆమెకి టెస్టులో థైరాయిడ్ అని తేలింది, మందులు వాడాక శాలువా మానేసింది, నన్ను ఒంటరిని చేసింది. ఇంకోటి, చలికి వేళ్ళు ఒక గీత గీసినట్టు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వెచ్చబడగానే ఎర్రగా అయి సూదులు గుచ్చినట్టుంటే దానికి పేరుంది, రేనాడ్స్ అంటారు, 1862లో మొదట రాసిన ఫ్రెంచ్ డాక్టర్ పేరే. చాలామందికి అది చిన్న ఇబ్బందే, కొందరికి వెనక వేరే జబ్బు ఉండొచ్చు, అందుకే ఫొటో తీసి డాక్టర్‌కి చూపించడం మంచిది, ఎందుకంటే ఆయన దగ్గరికెళ్ళేసరికి వేళ్ళు మామూలుగా అయిపోయి మనల్నే అనుమానంగా చూస్తారు.

రూల్స్ ఉన్నాయా అంటే దేశానికో రకం. బ్రిటన్‌లో ఆఫీసుల్లాంటి చోట్ల కనీసం 16 డిగ్రీలు ఉండాలని, ఒళ్ళొంచి చేసే పని అయితే 13 అని గైడ్‌లైన్ ఉంది. 16! నేను 20.5కే ఇంత పురాణం రాశా.

పక్క సీటతను, ఇంకొంచెం తగ్గిస్తే బావుండు అనే అతను, మొన్న అడిగాడు, "వెంటు నీ మీద నుంచి తిప్పారు కదా, అది ఇప్పుడు ఎటు కొడుతోంది?" అని. ఇద్దరం టిష్యూ ముక్క పట్టుకుని తిరిగాం వరుసంతా, జనం చూస్తున్నారు, మేం పట్టించుకోలేదు. గాలి పడుతున్న చోటు దొరికింది, రెండు కుర్చీల అవతల ఖాళీ సీటు. మధ్యాహ్నానికి అతను లాప్‌టాప్, మానిటర్ అన్నీ మోసుకుని అక్కడికి మారిపోయాడు, తన డెస్కు ఫ్యాన్ నాకిచ్చేశాడు, "నాకింక అక్కర్లేదు" అని. నాకెందుకు ఫ్యాను? డ్రాయర్లో పడేసా. థర్మామీటర్ మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు, మూడో వరుసలో ఒకావిడ తీసుకెళ్ళింది, ఆవిడ దగ్గర్నుంచి అకౌంట్స్ వాళ్ళు తీసుకెళ్ళారంట, ఎవరి దగ్గరుందో తెలిస్తే చెప్పండి.